సర్ఫరాజ్ చేతిలో లేచిన టెంకాయ

మా ఊళ్లో సర్ఫరాజ్‌ను కంప్యూటర్ గురించి ఒక్క మాట అడగకూడదు. అడిగితే ఒక్క మాటతో పోదు. పోయిన ఏడాది బడికి పాఠం చెప్పడానికి వెళ్తూ దారిలో ఆగి, తీగ ఉన్న మౌస్ మంచిదా, లేనిది మంచిదా అని నోరు జారాను. రెండు గంటలు పట్టింది. ఆలస్యానికి కడుపునొప్పి అని హెడ్మాస్టరుకు చెప్పాను. పూర్తిగా అబద్ధమేమీ కాదు. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్లడానికి మొహమాటపడి అంతసేపూ బిగబట్టుకుని కూర్చున్నాను.

గోరంట్ల నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు లోపలికి ఉంటుంది మా ఊరు. రోడ్డు పక్కన ఒకటే గది, అదే సర్ఫరాజ్ ఇంటర్నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. పింఛను కాగితాలు, పంట నమోదు, ఆధార్‌లో తప్పులు, అన్నింటికీ ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. మనిషికి నలభై అయిదేళ్లు. పదో తరగతి తప్పి, రేడియోలు బాగుచేసే అంగట్లో పని నేర్చుకుని, అక్కణ్ణుంచి కంప్యూటర్ల మీదికి మళ్లాడు. చదివింది తక్కువ, విప్పింది ఎక్కువ.

ఆ విప్పడంలోంచి పుట్టినవే ఆయన అభిప్రాయాలు.

"కొత్త ల్యాప్‌టాపులకు స్క్రూలు యాడుండాయి సార్? అంతా గమ్ము పెట్టి అంటించినారు. విప్పేదానికి రానిది నీది ఎట్లయితాది?"

"పాత హార్డ్ డిస్క్ సచ్చేముందు నాల్గు దినాలు మూలుగుతాది. ఇంట్లోవాళ్లకు చెప్పి పోతాది. ఇప్పుటివి చెప్పకుండా పోతాయి, మర్యాద లేదు."

"అప్‌డేట్ అడుగుతానే ఒప్పుకోకూడదు. ముందు పక్కింటోనిది చెడిపోయిందా లేదా చూసుకోల్ల."

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఇంకో మూడు మాత్రం ఆయనకు మతంతో సమానం. ఒకటి, గాలిలో వచ్చే నెట్ గాలికే పోతుంది, తీగలో వచ్చేదే నెట్. రెండు, ఓటీపీలు వచ్చే నంబరు స్మార్ట్‌ఫోన్‌లో ఉండకూడదు. అందుకని ఆ సిమ్‌ను పాత బటన్ల ఫోన్‌లో వేసి, ఇంట్లో ఇనుప ట్రంకులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మెడలో తాయెత్తుతో పాటు నల్లదారానికి వేలాడుతుంటుంది. మూడు, ఏ దరఖాస్తయినా ఆఖరి రోజు మధ్యాహ్నం రెండు గంటలకే పెట్టాలి.

"మొదటి దినం సర్వర్ సంత మాదిరి ఉంటాది. ఆఖరి దినం రెండు గంటలకు రాష్ట్రమంతా తిని పండుకోనుంటాది. అప్పుడు రోడ్డు ఖాళీ సార్."

ఆయన కూతురు షాహిస్తా నా దగ్గరే చదువుకుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. హిందూపురంలో కంప్యూటర్ బ్రాంచి కావాలని ఆ పిల్ల ఆశ. ఆన్‌లైన్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకుని పంపితే సీటు ఇస్తారు. రాకపోతే ఏమిటో కూడా ఇంట్లో అనుకునే ఉన్నారు. తెల్లవారి ఆరింటికి మా ఊరికి, బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఆడపిల్లలను పనికి తీసుకెళ్లే గార్మెంట్స్ బస్సు వస్తుంది. అందులో సీటుకు ర్యాంకు అక్కర్లేదు.

"నాయనా, నా స్నేహితురాళ్లంతా మొదటి దినమే పంపినారు," అంది షాహిస్తా.

"పంపనీలే. వాళ్ల నాయన్లకు సర్వర్ గురించి ఏం తెల్సు?"

ఇంతవరకు తప్పంతా ఆయనదే. ఇక్కణ్ణుంచి నాది కూడా కలుస్తుంది.

సెంటర్ వెనకాల నాకు రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. ఆకులు ముడుచుకుని, పిందెలు నేలరాలుతున్నాయి. మూడో బోరు వేయాలి. మా వైపు బోరు పాయింటు చూడాలంటే టెంకాయ కావాలి, ఓ పాజిటివ్ రక్తం ఉన్న మనిషి కావాలి. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తుంటే, కింద నీళ్లున్న చోట అది దానంతటదే నిలువుగా లేస్తుందని నమ్మకం. ఊళ్లో అందరికంటే బాగా లేచేది సర్ఫరాజ్ చేతిలోనే. కంప్యూటర్లు విప్పేవాడివి, ఇదేమిటని అడిగితే దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది.

"మనిషే యాంటెనా సార్. నీళ్లు సిగ్నల్."

నేను సైన్సు మాస్టారిని. నవ్వాల్సింది. నవ్వకుండా చెప్పులు విడిచి ఆయన వెనకాలే నడిచాను.

సెంటర్ గోడకు పదడుగుల దూరంలో టెంకాయ టక్కున లేచింది. పక్క తోట నారాయణప్ప బీడీ ఆర్పి అన్నాడు, "ఏమప్పా సర్ఫరాజూ, మీ నెట్ వైరు ఈడనే యాడనో పూడ్చినారు గదా?"

"రోడ్డుకు అవతల పక్క పోతాది నారాయణప్పన్నా. పూడ్చినోళ్లకు రెండు పూటలా టీ పోసింది నేను. నాకు తెల్దా?"

టీ పోశాడు, నిజమే. అవతల పక్క బండ తగిలితే వాళ్లు కేబుల్‌ను ఇవతలికి తిప్పుకున్నారన్న సంగతి మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు.

బోరు లారీ రెండు రోజుల తర్వాత వచ్చింది. సరిగ్గా షాహిస్తా దరఖాస్తుకు ఆఖరి రోజు అది. సాయంత్రం ఆరు గంటలకు గడువు. సర్ఫరాజ్ తన చేత్తోనే టెంకాయ కొట్టి, గడియారం చూసుకుని, రెండయిందంటూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సెంటర్లో కంప్యూటర్ ముందుకు చేరాడు. పద్నాలుగు కాలేజీల వరుస కాగితం మీద ముందే రాసుకున్నాడు. పదకొండోది ఎక్కిస్తుండగా తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే, నా తోటలో ఇంకో చక్రం తిరుగుతోంది. బోరు కడ్డీకి నల్లటి పైపు ఒకటి పాములాగ చుట్టుకుపోతోంది.

"ఆపండప్పా! ఆపండి!" అని ఉరికొచ్చాడు. అప్పటికే కేబుల్ నాలుగు చోట్ల తెగింది.

"టేపు చుట్టప్పా," అన్నాడు నారాయణప్ప.

"లోపల గాజు దారం అన్నా, వెంట్రుక మాదిరి ఉంటాది. టేపు యాడ చుట్టేది?"

"నీ టెంకాయకు నీళ్లు తెలీకపోయినా ఇంటర్నెట్ బాగా తెల్సబ్బా!"

ఎవరూ నవ్వలేదు. సెల్‌ఫోన్ టవర్‌కు కూడా ఆ తీగే ఆధారం. ఊళ్లో అన్ని ఫోన్లలోనూ సిగ్నల్ గీతలు పడిపోయాయి. షాహిస్తా పద్నాలుగు కాలేజీల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేను బండి తీశాను. ముగ్గురం ఒకే బండి మీద గోరంట్ల చేరేసరికి మూడున్నర దాటింది.

గోరంట్లలో ఉదయ్ కుమార్ అని ఒకప్పుడు సర్ఫరాజ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు సెంటర్ నడుపుతున్నాడు. వాడిది గాలిలో వచ్చే నెట్. 'పీల్చే నెట్' అని సర్ఫరాజ్ వాణ్ణి ఊరంతా ఎగతాళి చేశాడు. ఇప్పుడు గడప దగ్గర చెప్పులు విడుస్తూ తలెత్తలేదు.

"రా అన్నా. కూర్చో పాపా," అని ఉదయ్ కుమార్ కుర్చీ ఖాళీ చేశాడు. ఇంకొకడైతే ఒక మాట అనేవాడే.

పద్నాలుగు కాలేజీలూ ఎక్కాయి. ఆఖరి బటన్ నొక్కారు. నమోదు చేసిన ఫోన్ నంబరుకు ఓటీపీ పంపామని, అది కొడితేనే దరఖాస్తు చేరుతుందని తెర మీద వచ్చింది.

సర్ఫరాజ్ చేయి మెడ దగ్గరికి పోయింది. "తాళంచెవి ఈడనే ఉండాది సార్," అన్నాడు, అదేదో సగం పనన్నట్టు.

ఫోన్ ట్రంకులో, ట్రంకు ఊళ్లో. అక్కడ ఎవరికీ ఫోన్ కలవదు. కలిసినా తాళంచెవి మా దగ్గరే ఉంది. అయిదు నిమిషాలు కదలిక లేకపోతే ఆ పేజీ బయటికి తోసేస్తుంది. అందుకని షాహిస్తాను మౌస్ కదుపుతూ కూర్చోమని చెప్పి, మేమిద్దరం బండెక్కాం.

దారిలో ఆయన ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. నా భుజం మాత్రం పట్టుకున్నాడు. ఆ పట్టుకు మర్నాడు కూడా నొప్పి తగ్గలేదు.

ట్రంకు తెరిచి, ఫోన్ జేబులో వేసుకుని తిరిగి గోరంట్ల చేరేసరికి అయిదున్నర. షాహిస్తా అదే కుర్చీలో, అదే చేయి మౌస్ మీద పెట్టి కూర్చుని ఉంది. మంచినీళ్లు కూడా ముట్టలేదని ఉదయ్ కుమార్ చెప్పాడు.

ఫోన్ ఆన్ కాలేదు. వాడని ఫోన్ కదా, బ్యాటరీ చచ్చిపోయింది. దానికి సన్న పిన్ను చార్జర్ కావాలి. ఆ వీధిలో ఎనిమిది అంగళ్లలో అడిగాను. ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, మా నాయనకుండేది ఇట్లాంటిదే అని ముచ్చటపడి తిరిగి ఇచ్చాడు.

ఇక మిగిలింది సిమ్. పాతకాలపు పెద్ద సిమ్, ఇప్పటి ఫోన్లలో పట్టదు. అంచులు కత్తిరించాలి.

"అన్నా, కట్టర్ ఉండాది. ఒక నొక్కు నొక్కితే అయిపోతాది," అన్నాడు ఉదయ్ కుమార్.

"కట్టర్‌ను నమ్మొద్దప్పా. పాత సిమ్‌ల చిప్ కొలత వేరే. చేత్తోనే కత్తిరించల్ల. వందల్లో కత్తిరించినా నేను."

నిజంగానే వందల్లో కత్తిరించాడు. కానీ ఏదీ కూతురి ముందర, గోడ మీద అయిదూ నలభై రెండు చూపిస్తుండగా కత్తిరించింది కాదు. కత్తెర పక్కకు జారింది. బంగారు రంగు చిప్ మూల చిన్న ముక్క ఎగిరి బల్ల మీద పడింది. గోరంత కూడా లేదు. దాన్ని వేలితో అద్ది తీసి, మళ్లీ అతుక్కుంటుందేమోనన్నట్టు అక్కడే ఆనించి చూశాడు. నేను వేరే వైపు తిరిగాను.

ఆ సిమ్‌ను ముగ్గురి ఫోన్లలోనూ వేసి చూశాం. సిమ్ లేదని మూడు ఫోన్లూ చెప్పాయి.

ఆరింటికి పేజీ దానంతటదే మూసుకుంది. షాహిస్తా అప్పుడు మౌస్ మీదనుంచి చేయి తీసింది.

"పోదాం పా నాయనా. చీకటి పడ్తాది," అంది.

నా బోరు ఆరువందల ఇరవై అడుగులు దిగింది. పైకి వచ్చింది తెల్లటి దుమ్ము. గాలి అటు తిరిగి ఉండడంతో ఆ దుమ్మంతా సర్ఫరాజ్ సెంటర్ మీద పడింది. కేబుల్ నాలుగు రోజులకు అతికించారు. షాహిస్తా అయిదో రోజు నుంచి గార్మెంట్స్ బస్సెక్కింది.

ఆ తర్వాతి రోజులే నాకు భరించరానివి. సెంటర్‌కు జనం వచ్చి, ఏ ఫోన్ కొనాలి, ఏ నెట్ పెట్టించుకోవాలి అని అడిగితే, "మీ ఇష్టమప్పా," అనేవాడు. ఉండబట్టలేక ఒకరోజు బడికి అరగంట ముందే బయలుదేరి వెళ్లి, "సర్ఫరాజ్, తీగ ఉన్న మౌస్ మంచిదా, లేనిది మంచిదా?" అని అడిగాను. ఎంత సేపైనా సరేనని ఈసారి ముందే అన్ని పనులూ చూసుకుని వెళ్లాను.

"ఏదైనా ఒకటే సార్," అన్నాడు.

బడికి పావుగంట ముందే చేరిపోయాను. అంత దిగులు ఎప్పుడూ పడలేదు.

రెండో విడత దరఖాస్తులు మొదలయ్యాయి. ఆఖరి రోజు దాకా ఆగనని, మొదటి రోజు సాయంత్రమే కూతురు బస్సు దిగేసరికి కంప్యూటర్ తెరిచిపెట్టి కూర్చున్నాడు. ఆ పాత నంబరుకు కొత్త సిమ్ తెప్పించి ఆయనే షాహిస్తా ఫోన్‌లో వేశాడు. తాళంచెవి ఆ దారానికి ఇక లేదు, తాయెత్తొకటే ఉంది.

"కూర్చో మ్మా. ఓటీపీ వస్తానే చెప్పు."

"పొద్దున్నే వచ్చింది నాయనా. బస్సులోనే పంపినా."

"ఫోన్‌లోనా? గాలి నెట్‌లోనా?"

"ఆ."

"ఎంత సేపు పట్టింది?"

షాహిస్తా తండ్రి మొహం చూసింది. "శానా సేపు పట్టింది నాయనా," అంది. నాకు తర్వాత చెప్పింది, ఆరు నిమిషాలట.

హిందూపురంలో కంప్యూటర్ సీట్లు మొదటి విడతలోనే నిండిపోయాయి. ఈ పిల్లకు అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ వచ్చింది. కోరుకున్నది కాదు. ఆ కాగితం ప్రింటు తీసి, సర్ఫరాజ్ రెండుసార్లు చదివి నాకిచ్చాడు.

మర్నాడు ఆరింటికి అలవాటు ప్రకారం బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆ రోజు నడకకని బయలుదేరి నేనూ రోడ్డు మీదే ఉన్నాను. సర్ఫరాజ్ లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు.

"మా పాప ఇంక రాదప్పా. సీటు వచ్చింది."

డ్రైవర్ మంచిదన్నా అని గేరు వేశాడు. సర్ఫరాజ్ కిటికీ వదల్లేదు.

"ఒక మాట విను. ఊరూరికీ హారన్ కొట్టుకుంటా యాడ తిరుగుతావు? అందరి నంబర్లూ ఒక గ్రూపులో ఎక్కించు. బండి యాడుందో వాళ్ల ఫోన్లోనే కనపడతాది. అయితే అందుకు మంచి ఫోన్ కావల్ల, చైనా బ్యాటరీది వద్దు, ఎందుకంటే..."

బస్సు కదిలింది. సర్ఫరాజ్ దాని పక్కనే పది అడుగులు నడుస్తూ చెబుతూనే ఉన్నాడు.