చాప మీద చోటు

ఆ రోజుల్లో నేను ఆదివారం పాస్టరును, మిగతా రోజులు నంద్యాల కోర్టులో ప్లీడరును. (దేవుడి ముందూ జడ్జి ముందూ ఒకే గొంతుతో అరుస్తానని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అనేవారు.) నా కులం తెలిసిన తోటి ప్లీడర్లు నాతో చట్టం గురించి ఎంతసేపైనా మాట్లాడేవారు కానీ, క్యారియర్లు విప్పే వేళకు నా బెంచీ ఖాళీ అయిపోయేది. అందుకే సెలవు దొరికితే చాలు, ఆళ్లగడ్డ బస్సెక్కి, మావాళ్ల పల్లెలో పెద్దమ్మ ఇంటికి పారిపోయేవాణ్ణి. చాప మీద పదిమంది మధ్య ఇరుక్కుని సంగటి తింటే తప్ప నాకు తిన్నట్టుండేది కాదు.

పంతొమ్మిది వందల నలభై ఆరులో మద్రాసు శాసనసభకు గెలిచాను. అక్కడా ఒంటరి భోజనమే. మొదటి సమావేశాలు కాగానే ఆవురావురుమంటూ ఆళ్లగడ్డలో దిగానా, పెద్దమ్మ అల్లుడు, అంటే మా బావ, నెత్తిన కుర్చీతో ఎదురొచ్చాడు! బడిలో అడిగి తెచ్చాడట.

"ఏంది బావా ఇది?"

"మెంబరువు గదప్పా! నేల మీద కూర్చుంటావా యాడన్నా?"

ఇంట్లో అందరికీ చాప, నాకు కుర్చీ. ఒళ్లు మండింది. దాన్ని అవతలికి నెట్టి చాప మీద చతికిలబడ్డాను. అంతే, చాప మీదున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు! కూర్చోండంటే కదలరు. వాక్యం చెప్పాను, చట్టం చెప్పాను, చివరికి బతిమాలాను. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ గోడ పట్టుకుని, "నాయనా, నువ్వే కింద కూర్చుంటే మేం యాడ కూర్చోవాల? బేగా పైకెక్కు, సంగటి సల్లారిపోతాంది" అంది. పేరుమోసిన ప్లీడరును కదా, నోరు మూసుకుని కుర్చీ ఎక్కాను. కింద వాళ్ల నవ్వులు, ఎగతాళులు, ఒకరి పళ్లెంలో ఒకరి చేయి. పైన నేను, ఒళ్లో పళ్లెం. నా వాళ్ల మధ్య అంత ఒంటరిగా ఎప్పుడూ తినలేదు.

తర్వాతి ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాను. అందరూ జాలిపడుతుంటే నేను మాత్రం లోలోపల గంతులేస్తూ ఆళ్లగడ్డ బస్సెక్కాను. పెద్దమ్మ ఇంట్లో చేతుల కుర్చీ వేసి ఉంది, పాతదానికంటే పెద్దది!

"ఓడినోన్ని కింద కూర్చోబెట్టినారని ఎవురన్నా అంటే మాకు సిగ్గు కాదాప్పా?" అన్నాడు బావ.

కూర్చున్నాను. అంత ప్రేమగా దూరం పెట్టేవాళ్లను ఏమనగలను? చాప వైపు దొంగచూపులు చూస్తూ ముద్దలు మింగిన ఆ పెద్దమనిషిని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆకలీ వేస్తుంది.