మాలీ తాత చూడని పువ్వు

జూలై 20, ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి ముసాఫిర్ బంగ్లా తోటలో నీళ్ల డబ్బాలు నిండుగా ఉన్నాయి, పోసే మనిషి లేడు. నేను అటూ ఇటూ వెతుకుతుంటే చౌకీదారు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మాలీ తాత లేడు బిడ్డ. రాత్రి పండుకున్నోడు తెల్లారి లేవలే. తాండూరుకు మర్లిపోయే బండల లారీ దొరికితే అండ్లనే తీస్కపోయిండ్రు. సొంతూర్ల మట్టి చేస్తరట."

మన గ్రంథాలయం గోడ పత్రికకు ఈ వారం అనంతగిరి వానల మీద రాస్తానని చెప్పాను. రాసినంతవరకు చించేశాను. ఇది రాస్తూ మూడుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లి వచ్చాను. కూర్చోబుద్ధి కావడం లేదు, రాయకుండానూ ఉండలేను.

మాలీ తాత నాకు చుట్టం కాదు. మాది గొర్రెల ఇల్లు. ఉన్ని కత్తిరించే మా నాయన కత్తెర కోసం ఆయన పదిహేను రోజులకోసారి మా ఇంటికి వచ్చేవాడు. బంగ్లా ముందున్న పెద్ద మడిని ఆ కత్తెరతోనే కత్తిరించేవాడు.

"గొర్రెలకు కత్తెర ఏసుడు ఎరుకే గానీ చెట్లకు ఏసుడు నీ దగ్గరనే చూస్తున్న," అని మా నాయన ఎగతాళి చేస్తే, "నీ గొర్రెలు ఉరుకుతయి పటేలా, నావి ఉరకవు. గంతే ఫరక్," అనేవాడు.

ఆ మడిని మీరంతా చూసే ఉంటారు. గుండ్రటి మడి, మధ్యలో ఎనిమిది కొనల నక్షత్రం, చుట్టూ తాండూరు బండల అంచు. ఎర్రాకు, పచ్చాకు, ఊదా ఆకు చిన్న చిన్న మొక్కలు ఒత్తుగా, జానెడు కూడా ఎత్తు లేకుండా, నేల మీద తివాచీ పరిచినట్టు ఉండేవి. ఎన్ని మేకులు కొట్టి, ఎన్ని తాళ్లు లాగితే ఆ నక్షత్రం వచ్చేదో! మొక్కల మీద కాలు పడకూడదని అటొక బండ, ఇటొక బండ పెట్టి, వాటి మీద చెక్క పలక వేసి, దాని మీద బోర్లా పడుకుని కత్తిరించేవాడు. "గీత వంకరపోతే చెట్టును తిట్టొద్దు బేటీ. తాడు పట్టినోడిని తిట్టాలె," అనేవాడు. ఆ తాడు రెండో కొస పట్టుకునేది నేనే.

చిన్నతనంలో హైదరాబాదులో ఒక దొర తోటలో పని నేర్చుకున్నాడట. దొర పోయాడు, నిజాం రాజ్యం పోయింది, బంగ్లా చేతులు మారింది. మడి మాత్రం మారలేదు.

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి.

బడి తెరిచిన వారంలో మా ఇంగ్లీషు సారు తోటల చరిత్ర మీద ఒక పాత పుస్తకం ఇచ్చారు. కొత్త మాట దొరికితే చాలు, ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు నిలకడ ఉండదు. ఆ పుస్తకం పట్టుకుని తోటకు పరుగెత్తాను. విక్టోరియా రాణి కాలంలో అద్దాల ఇళ్లలో వెచ్చగా పెంచిన మొక్కల్ని వేలకొద్దీ తెచ్చి ఇలాంటి తివాచీ మడులు వేసేవారని చదివి వినిపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా, ఇది రాణుల తోట తీరని మా దొర చెప్పింది నిజమే," అన్నాడు. అక్కడితో ఆపాల్సింది. నేను ఆపలేదు. తరువాత అదే దేశంలో కొందరు ఎదురు తిరిగారని, చెట్టును దాని తీరుగా పెరగనివ్వాలి గానీ ముగ్గులో రంగు నింపినట్టు వాడుకోవడం ఏమిటని అడిగారని, మెల్లగా తోటల తీరే మారిపోయిందని ఉత్సాహంగా చెప్పేశాను.

"మరి ఇప్పుడు వాళ్లు గిట్ల ఏస్తలేరా?"

"చానా తక్కువ తాతా. ఎప్పుడో మానేసిండ్రట."

ఆయన పలక మీద నుంచి లేచి చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు నుంచి కత్తెర కోసం మా ఇంటికి రాలేదు.

నెల తిరిగేసరికి నక్షత్రం కొనలు కలిసిపోయాయి. ఎర్రది పచ్చదాని మీదికి వంగింది. నీళ్లు మాత్రం పూటపూటా పోస్తూనే ఉన్నాడు. ఎందుకు కత్తిరించడం లేదని అడగడానికి నాకు నోరు రాలేదు. నా మాటలే ఆయన చేతులు విరిచాయనుకున్నాను. మొన్న శుక్రవారం బంగ్లా చూసుకునే ఓవర్సియర్ గారు నా ఎదుటే ఆయన్ని నిలదీశారు.

"ఇది తోటా, అడవా? మంగళవారం పెద్ద ఇంజనీరు గారు వస్తున్నారు. రేపటికల్లా కత్తిరించు. లేకపోతే సోమవారం పొద్దున కూలీలను పెట్టి మొత్తం తవ్వించేస్తాను."

"ఇంకో ఎనిమిది దినాలు ఆగుండ్రి సాబ్," అన్నాడు మాలీ తాత.

"ఎందుకు?"

ఆయన నీళ్ల డబ్బా అందుకుని మడి వైపు నడిచాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇవాళ బంగ్లా నుంచి ఇంటికి వచ్చి, నా వల్లే తాత మనసు విరిగిందని మా నాయన ముందు ఏడ్చాను. నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గట్లెందుకు అనుకుంటవ్ బిడ్డ? కత్తెర వద్దా అని సంతల నేనే అడిగిన. ఏమన్నడో ఎరుకేనా? 'ముప్పై ఏండ్ల సంది కొసలు కోస్తున్న. మొగ్గ రాకముందే కోస్తం కదా, గా చెట్లకు పువ్వు ఎట్లుంటదో నేను ఇప్పటిదాకా సూడలే. నీ పిల్ల బుక్కు సదివినంక యాదికొచ్చింది. జర ఒక్కసారి సూస్త,' అన్నడు. పరేషాన్ గాదు, కుశీగున్నడు. ఓవర్సియరుకు చెప్తే నవ్వుతడని చెప్పలే."

వెంటనే తోటకు పరుగెత్తాను. వంగి చూస్తే నిజమే, ఊదా ఆకుల మొక్కల కొసల మీద సన్నటి కంకులు లేచాయి. మొగ్గలు. ఒక్కటీ విచ్చలేదు. ఏ రంగో బయటి నుంచి తెలియడం లేదు.

ఓవర్సియర్ గారి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. 

"నాకు ఆ ముక్క చెప్పి ఉండాల్సింది," అన్నారు. "కూలీలకు చెప్పేశానమ్మాయ్, పైవాళ్ల తనిఖీ. నేను ఆపలేను. రేపు ఏడింటికి పార పడుతుంది. ఆలోపల నువ్వు ఎన్ని తీసుకుపోతే అన్ని నీవే."

అందుకే ఈ కాగితం సాయంత్రమే గోడకు అంటిస్తున్నాను. చదువుతున్న మీలో చాలామంది ఆ మడి పక్కగా రోజూ బడికి నడిచినవాళ్లే. మా ఇంట్లో అన్ని మొక్కలకూ చోటు లేదు, పైగా గొర్రెలు మేసేస్తాయి. ఎనిమిది రోజులు నీళ్లు పోయగల ఇంటికి ఒక్కొక్క మొక్క చాలు. ఏ ఇంట్లో ముందు పువ్వు విచ్చితే అక్కడికి నేను పరుగెత్తి వస్తాను, చూసి, ఏ రంగో తాతను మట్టి చేసిన చోట చెప్పడానికి తాండూరు బండి ఎక్కుతాను.

రేపు పొద్దున ఐదున్నరకు బంగ్లా వెనుక గేటు దగ్గర ఉంటాను. గొళ్లెం తీసి పెడతానని చౌకీదారు అన్నాడు. తట్ట ఉన్నవాళ్లు తట్ట తెండి, లేనివాళ్లు పాత గోనె ముక్క తెచ్చినా సరే. కంకులు చానా లేతవి, మెల్లగా పట్టుకోండి.