ఏడో నంబరు ఎదురుగా రెండు పేర్లు

పద్దెనిమిది, ఆరు. ఈ రెండు అంకెలను ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. చర్చిలో పాస్టరుగారు పద్దెనిమిదో పాట తీయమంటే ఇప్పటికీ నా చేతులు పుస్తకంలో తడబడతాయి. పక్కనున్నవాళ్ళు కళ్ళద్దాలు మార్చుకోమంటారు. నవ్వి ఊరుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ముందుగా మీకు చెబుతున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు, కాగితం ముందు వస్తుంది. తప్పు కూడా కాగితం మీదే చేశాను.

అప్పుడు పలాసలో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీకి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. నేను ఆడేదాన్ని కాదు. నా దస్తూరి బాగుంటుందని, ఆటలు నేర్పే పీడీ సారు నన్ను స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు. ఎవరు ఎన్ని బాస్కెట్లు వేశారు, ఎవరు ఎన్ని ఫౌల్సు చేశారు, ఫ్రీ త్రోలు ఎన్ని పడ్డాయి, ఎన్ని పోయాయి, అన్నీ నేనే రాసేదాన్ని. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. అందరూ అరుస్తున్నచోట అరవకుండా ఉండడానికి నాకొక కారణం దొరికింది.

జట్టులో తొమ్మిదిమంది, జెర్సీలు ఎనిమిది. అందుకని ఏడో నంబరు జెర్సీ ఇద్దరిది. ఎస్తేరు ఆడినంతసేపు ఎస్తేరుది, ఆమె బయటికొచ్చి శైలజ దిగితే శైలజది. ఇద్దరు పిల్లలు చున్నీ అడ్డం పట్టుకుంటే దాని వెనక ఆ తడిసిన జెర్సీ మార్చుకునేవాళ్ళు. నిజానికి ఒక నంబరు ఒక్కరికే ఉండాలి. కానీ మాతో ఆడే కాలేజీలదీ అదే అవస్థ కనుక ఎవరూ పట్టించుకునేవారు కాదు. షీటులో ఏడో నంబరు ఎదురుగా రెండు పేర్లు రాసి, మొత్తంలో ఎవరి పాయింట్లు ఎన్నో పక్కన విడగొట్టేదాన్ని. ఆ లెక్క నాకొక్కదానికే తెలిసేది.

పొరపాటు పడ్డానని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు. ఎస్తేరు సెలవుల్లో వాళ్ళమ్మతో కలిసి జీడిపిక్కలు కొట్టేది. ఆ రసం అంటుకుని ఆమె వేళ్ళు నల్లగా ఉండేవి. బంతి వదిలిన చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది కదా, అది చూస్తే చాలు. నల్లటి వేళ్ళయితే ఎస్తేరు. కాకపోతే శైలజ.

ఎస్తేరు నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఇద్దరం రోజూ పూండిలో పాసింజరు ఎక్కి పలాస వెళ్ళేవాళ్ళం. ఆమె మాట్లాడేది, నేను వినేదాన్ని. చర్చిలోనూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. నేను డైరీ రాస్తానని ఆమెకొక్కదానికే తెలుసు. చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు.

టెక్కలిలో ఆ రోజు జరిగిన మ్యాచ్‌లో వచ్చిన పాయింట్లను బట్టి మా కాలేజీ నుంచి ఇద్దరిని జిల్లా జట్టుకు పంపాలి. మొదటి పేరు మా కెప్టెనుదని అందరికీ తెలుసు. రెండోది ఏడో నంబరు వేసుకున్న ఇద్దరిలో ఒకరిది. జిల్లాకి బాగా ఆడితే విశాఖపట్నంలో హాస్టలు, డిగ్రీ చదువు. శైలజ వాళ్ళకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్నాయి. ఆమె ఎక్కడైనా చదువుకోగలదు. ఎస్తేరుకి అదొక్కటే దారి.

టెక్కలికి నౌపడలో దిగి వెళ్ళాలి. ఆ ఉదయం రైలులో ఎస్తేరు నన్ను ఆటపట్టించింది. "నానెలిపోతే నీతో ఎవులు మాటాడతారే? పుత్తకాల్తో మాటాడుకో," అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం టెక్కలి దాకా నాతో వచ్చింది.

మేము గెలిచాం. ఏడో నంబరుకి ఇరవై నాలుగు పాయింట్లు. నా చిత్తు పుస్తకంలో గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఎస్తేరు ఎనిమిది బాస్కెట్లు, రెండు ఫ్రీ త్రోలు, మొత్తం పద్దెనిమిది. శైలజ మూడు బాస్కెట్లు, ఆరు. పీడీ సారు అదే సమయంలో పక్క కోర్టులో మగపిల్లల మ్యాచ్‌కి విజిల్ వేస్తూ ఉన్నారు. మా ఆట చూడలేదు. వచ్చి, షీటు శుభ్రంగా ఎత్తి రాసిమ్మన్నారు. మెట్ల మీద కూర్చుని రాశాను. ఏడో నంబరు దగ్గరికి వచ్చాను. ఎస్తేరు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. ఎస్తేరు ఎదురుగా ఆరు వేశాను. శైలజ ఎదురుగా పద్దెనిమిది.

అంతే. జట్టు మొత్తం మారలేదు. ఏడో నంబరు మొత్తం మారలేదు. ఎవరు కూడి చూసినా లెక్క సరిపోతుంది. నువ్వు రాసినదాన్ని నేను మళ్ళీ చూడక్కర్లేదమ్మా అని సారు సంతకం పెట్టేశారు.

ఆ క్షణంలో నేనేం అనుకున్నాను? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ఆమె వెళ్ళిపోకూడదనుకున్నాను, అది నిజం. అదొక్కటే నిజమా? ఆమె బంతి వేసినప్పుడల్లా మైదానమంతా ఆమె పేరు పిలిచేది, నా పేరు గట్టిగా పిలిచినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు, ఆ అసూయ నా కలంలో లేదని ఏ ముఖంతో చెప్పను? స్నేహం కోసం చేశానని ఎనిమిదేళ్ళు డైరీలో రాసుకున్నాను. ఈరోజు ఆ మాట కొట్టేశాను.

తిరుగు ప్రయాణంలో, నౌపడ ప్లాట్‌ఫాం మీద, ఆమె అడిగింది. శైలజ పేరు వెళ్ళిందని అప్పటికే తెలిసింది.

"ఓలే, నువ్వు టేబులు కాడ కూకున్నావు గదా. నావెన్నే?"

"ఆరు," అన్నాను.

"ఆరేనా?" తన చేతులు తిప్పి చూసుకుంది. "నాను సానా ఏసినాననుకున్నానే."

"షీటులో ఆరే ఉంది."

"ఆడతన్నప్పుడు ఏటి లెక్కెడతాం. నువ్వు రాసినావంటే అదే అయ్యుంటాది," అంది.

తన చేతుల కంటే నా రాతనే నమ్మింది. ఆమె తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

తరవాత సంగతులు మెల్లగా జరిగాయి. తోటలున్నవాళ్ళ పిల్ల కనకనే సారు పంపారని అందరూ అన్నారు. కాలేజీలో శైలజ ఎదురొస్తే మాటలు ఆపేసేవారు. షీటు చూసి ఆమె కూడా తెల్లబోయిందట. ఎస్తేరు వాళ్ళమ్మ చర్చి బయట సారుని శపించింది. అప్పుడు ఎస్తేరే అడ్డుపడి, సారు తప్పేమీ లేదని, షీటు రాసింది నేనని, నేను అబద్ధం రాయనని అందరి ముందూ చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ తల వంచుకున్నాను.

ఇంటర్ అయ్యాక ఎస్తేరు చదువు ఆగిపోయింది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి చేరింది. ఆమె పొద్దున్నే బండికి వెళ్ళేది, నేను డిగ్రీకి తరవాతి బండి ఎక్కేదాన్ని. ఎవరు వెళ్ళిపోకూడదని ఆ పని చేశానో, ఆమె పక్క సీటు నాకు ఆ వేసవి నుంచే లేదు. ఇప్పుడు నేను బడిలో పిల్లలకి మార్కులు వేస్తాను. ఒక్కొక్కటీ మూడుసార్లు చూస్తాను. దానివల్ల ఎస్తేరుకి ఒరిగిందేమీ లేదు.

మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక తమ తప్పులు ఒప్పుకుని సాక్ష్యం చెప్పేవారిని లేవమంటారు. నేనెప్పుడూ లేవలేదు. వచ్చే ఆదివారం కూడా లేవను. పదిమంది ముందు ఏడిస్తే ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాది కాదు. శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళతాను. అప్పుడు పనివాళ్ళు అన్నాలకి బయటికి వస్తారు. నా దగ్గర ఆనాటి చిత్తు పుస్తకం ఉంది, పారేయలేకపోయాను. దాన్ని ఆమె చేతికిస్తాను. తరవాత సారు దగ్గరికి. తరవాత శైలజ దగ్గరికి. ఎస్తేరు ఏమంటుందో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. గేటు లోపలికి వెళ్ళిపోవచ్చు. క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆమెకి మరో పని అప్పగించినట్టవుతుంది.

శనివారం నా కాళ్ళు వెనక్కి లాగుతాయని నాకు తెలుసు. నన్ను నేను ఎరుగుదును. అందుకే ముందు మీకు చెప్పాను. ఇక ఇది నా ఒక్కదానికే తెలిసిన లెక్క కాదు.

ఏడో నంబరు. ఎస్తేరు, పద్దెనిమిది. శైలజ, ఆరు.