వాన చూడకుండా మాట ఇవ్వకు

ఇవాళ సాయంత్రం మిన్ను చెంచాతో గోడను కొట్టింది. మూడేళ్ళ పిల్ల, అన్నం వద్దని చెప్పడానికి అదో పద్ధతి. హాల్లో గోడ టక్కుమంది. కాస్త జరిగి వంటింటి వైపు కొట్టింది. అక్కడ శబ్దం మారింది, లోపల ఎవరో ఖాళీ డబ్బా దాచినట్టు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ రెండు శబ్దాలకు తేడా ఏమిటో నాకు నేర్పింది కరుణ మేడం. ఆవిడ పోయి ఏడాది దాటింది. మిన్ను చెంచాతో కొడితే ఆవిడ గొంతు వినిపిస్తుందని అనుకోలేదు.

ఈ వానాకాలం మొదట్లో మా వెనకగది పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి మిన్ను పరుపు మీద పడింది. ఆ సమయానికి పిల్ల మా అత్తమ్మ ఒడిలో ఉంది కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను. పెచ్చు ఊడినచోట తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఆ గదికి తాళం వేసి, అందరం ముందుగదిలోకి మారాం. ఇప్పుడు కూడా అక్కడే, నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చుని రాస్తున్నాను. మాది తార్నాకలో చిన్న ఇల్లు. కింద మేము, పైన ఒక గది. ఆ గదిని మా మామయ్య బతికున్న రోజుల్లో యూనివర్సిటీ విద్యార్థులకు అద్దెకిద్దామని కట్టించారు.

పెచ్చు పడ్డ మర్నాటి నుంచి మా ఆయన నవీన్‌ది ఒకటే మాట. "రిపేరుకు పెట్టే పైసలకు ఇంకిన్ని కలిపి, గీ ఇల్లు అమ్మేస్తే కొత్త ఫ్లాటే వస్తది. ఘట్‌కేసర్ దిక్కు చూసిన. లిఫ్టున్నది, పార్కున్నది. ఆదివారం టోకెన్ పైసలు ఇస్తమని చెప్పిన." నా ఉద్యోగం యూనివర్సిటీలో, కాలేజీలూ హాస్టళ్ళూ చూసుకునే భవనాల విభాగంలో. మిన్నును పగలంతా చూసుకునే క్రెష్ కూడా క్యాంపస్‌లోనే. అంత దూరం నుంచి పిల్లతో రోజూ ఎలా వస్తానంటే, "జాబుదేముంది, పాప పెద్దగైనంక చూస్కుందువు తీ" అన్నాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. పైకప్పు కేసి చూడకుండా కంటిమీద కునుకు పట్టని మనిషిని నేను.

కరుణ మేడం మా విభాగంలో ఇంజనీరు, నా మొదటి బాస్. బందరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తెల్లటి నూలు చీర, మగవాళ్ళ చేతిగడియారం, కొంగు చివర ముడేసిన తాళంచెవుల గుత్తి. డిగ్రీ అయ్యి టైపు పనికని చేరిన నన్ను మొదటి రోజే పాత క్వార్టర్స్‌కి తీసుకెళ్ళి, ఒక గోడ ముందు నిలబెట్టారు.

"కళ్ళు మూసుకో పిల్లా. నేను తడతాను. ఎక్కడ మారిందో చెప్పు."

తాళంచెవితో గోడ పొడుగునా కొట్టుకుంటూ పోయారు. ఒకచోట గోడ డొల్లగా పలికింది. "గీడ మేడం" అన్నాను, భయం భయంగా.

"గీడే. ఇప్పుడు చెప్పు, ఈ గోడ పడిపోతుందా?"

"పడిపోతది మేడం."

ఆవిడ గట్టిగా నవ్వారు. "గార గోడను వదిలేసిందే, అంతే. లోపల ఇటుక శుభ్రంగా ఉంది. డొల్లగా పలికిన ప్రతిదీ పడిపోయేదైతే మన ఆఫీసులో సగంమంది ఈపాటికి నేల మీదే ఉండేవాళ్ళు."

టైపు చేయడం కంటే ఆవిడ వెనక తిరగడమే నా పనైపోయింది. ఆవిడకొక పద్ధతి ఉండేది. ఏ కట్టడం గురించైనా నోరు విప్పేముందు ఒక వానలో అందులో కూర్చోవాల్సిందే. కాగితాలు చూసేవారు, కొలతలు తీసుకునేవారు, కానీ మాట మాత్రం వాన తర్వాతే. ఆకాశం నల్లబడితే అందరూ ఇళ్ళకు పరిగెత్తేవారు, మేమిద్దరం ఫ్లాస్కులో టీ పోసుకుని ఏదో ఒక పాత భవనంలోకి బయల్దేరేవాళ్ళం. కుర్చీ వేసుకుని, పైకప్పు వైపు చూస్తూ కూర్చునేవారు, సినిమా హాల్లో కూర్చున్నట్టు. "ఎండాకాలంలో అన్ని ఇళ్ళూ మంచివేనమ్మాయ్. నీళ్ళు ఎటు నుంచి వస్తాయో చూడకుండా ఎవరికీ మాట ఇవ్వకు" అనేవారు.

ఒకసారి పాత ఆడపిల్లల హాస్టలు గురించి పెద్ద గొడవ వచ్చింది. పై అంతస్తులో గోడలు నెర్రెలిచ్చాయి. భవనం ప్రమాదకరమని రాసి, అమ్మాయిలందర్నీ ఊరి చివర అద్దె భవనంలోకి పంపాలని పై అధికారి ఒకాయన పట్టుబట్టారు. మేడం ఒక సంతకం పెడితే చాలు. ఆవిడ పెట్టలేదు. వాన కోసం ఆగారు. అమ్మాయిలు బకెట్లు పెట్టుకుంటుంటే మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, తడి ఎక్కడ మొదలవుతోందో చూశారు. ఆ తడీ నెర్రెలూ అన్నీ ఒక మూల కిందికే చేరాయి. ఆ మూల పైన, పెద్దమనుషులు వస్తే దిగడానికని తర్వాతెప్పుడో కట్టిన గది ఉంది. కింద దాన్ని మోసే గోడ లేదు.

మీటింగులో నేను మినిట్స్ రాయడానికి వెనక కూర్చున్నాను. "మేడంగారికి పాత గోడలంటే సెంటిమెంటు" అన్నారు ఆ అధికారి, నవ్వుతూ.

"నాకే సెంటిమెంటూ లేదండి. పాత క్యాంటీను పనికిరాదని కూలగొట్టించింది నేనే. అప్పుడు మీరే నాతో వారం మాట్లాడలేదు. ఇది పనికొచ్చే భవనం. పైన గదిని దించేయండి, మిగతాది నిలబడుతుంది."

"గెస్ట్ రూమును కూలగొట్టడమా? దానికంటే అద్దె భవనమే చవక కదండీ."

మేడం ఆ అంచనా కాగితం ఇటూ అటూ తిప్పి చూశారు. "లారీ ఖర్చు రాశారు, మంచాల ఖర్చు రాశారు. ఆ ఊరి చివరకు కూతుర్ని పంపడం ఇష్టంలేక చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోయే తండ్రులుంటారు. ఆ ఖర్చు ఏ వరుసలో రాశారండీ? నాకు కనపడట్లేదు."

చివరికి గదిని దించాలనే మినిట్స్‌లో రాశాను. గదిని దించడానికి చాలా నెలలు పట్టింది. పరీక్షల రోజుల్లో సుత్తుల మోతకు అమ్మాయిలు ఆవిడను తిట్టుకున్నారు. ఆ అధికారి ఆవిడకు రావలసిన ప్రమోషన్‌ను తొక్కిపెట్టాడని ఆఫీసంతా చెప్పుకుంది. ఆవిడ అదేం పట్టించుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది. పట్టించుకున్నారు. కొన్నాళ్ళు మధ్యాహ్నం డబ్బా తెరిచి, సగం తిని మూసేసేవారు. కానీ హాస్టలు నిలబడింది. ఇప్పటికీ సాయంత్రాలు ఆ వరండాలో అమ్మాయిలు బట్టలు ఆరేస్తూ కనిపిస్తారు.

"సంతకం పెట్టనన్నప్పుడు భయం కాలేదా మేడం?" అని అడిగాను ఒకరోజు.

"ఎందుకవదు? రాత్రంతా నిద్ర లేదు. పడితే ఆడపిల్లల మీద పడుతుందే. భయపడితే పడు, తప్పేం లేదు. పరిగెత్తే ముందు మాత్రం పడేది ఏదో చూసుకో."

రిటైరయ్యాక ఆవిడ బందరు వెళ్ళిపోయారు. అక్కడే పోయారు. అప్పుడు మిన్నుకు జ్వరంగా ఉండి నేను వెళ్ళలేకపోయాను.

పోయిన వారం ఒక మధ్యాహ్నం మౌలాలి గుట్ట వైపు మబ్బు పట్టింది. అత్తమ్మనూ మిన్నునూ అంబర్‌పేట్‌లో మా ఆడపడుచు ఇంటికి పంపించి, ఫ్లాస్కులో టీ పోసుకున్నాను. తాళం తీసి, వెనకగది గుమ్మంలోనే, కప్పు కిందికి పోకుండా, కుర్చీ వేసుకున్నాను. వాన దంచింది. తడి గదంతా రాలేదు. పక్కగోడకు కాస్త ఇవతల కప్పులో, గీత గీసినట్టు, ఒకే వరుసలో దిగింది. గొడుగేసుకుని పైకి వెళ్ళి చూశాను. ఆ గీతకు సరిగ్గా పైన, అద్దెగది బాత్రూము గోడ. కింద గోడ మీద ఉండాల్సిన గోడ, రెండడుగులు జరిగి ఖాళీ స్లాబు మీద నిలబడి ఉంది.

అత్తమ్మ తిరిగొచ్చాక, పైగోడను కావాలనే జరిపారా అని అడిగాను. "అవును బిడ్డా. బాత్రూము ఆ మూలకు రావొద్దని వాస్తు పంతులు చెప్పిండు. మీ మామయ్య గోడ జరిపిచ్చిండు" అంది.

భవనాలు పరీక్షించే ఇంజనీరును పిలిపించాను. పిల్లర్లు గట్టిగా ఉన్నాయన్నాడు. పైగది దించి, పాడైన స్లాబు తీసేసి, కింద దూలం వేసి కొత్తగా పోస్తే ఇల్లు నిలబడుతుందన్నాడు. అయ్యే ఖర్చు తక్కువేం కాదు. పైగా అద్దె పోతుంది.

నవీన్ తల పట్టుకున్నాడు. "ఉన్న రూము కూలగొట్టనికి పైసలు పెడ్తవా? తార్నాకల అందరు పైకి కట్టుకుంట పోతుంటే మనం కిందికి దిగుతమా? చూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వనీ. నువ్వు ఫ్లాట్ లెక్క చెప్పినవు గదా. రిజిస్ట్రేషన్ చెప్పినవు, సామాన్ల బండి చెప్పినవు. నా నౌకరీ ఏ లైన్ల రాసినవు?"

"గది ఖర్చెట్లయితది?"

"నెల నెల వచ్చే జీతం నీ లెక్కల ఖర్చు కాకపోతే ఇంకేమైతది? నేను ఇల్లు మారుడు వద్దంటలేను. పిల్లర్లు పోయినయంటే ఈ పొద్దే బయల్దేరుతుండె. పోలే. పోయింది పైన పెట్టిన బరువు."

నవీన్ అత్తమ్మ వైపు చూశాడు. ఆవిడ కాదంటుందని, భర్త కట్టించిన గది కాబట్టి ఏడుస్తుందని నేనూ అనుకున్నాను. ఆవిడ మిన్ను జుట్టు దువ్వుతూ దువ్వెన ఆపలేదు. "ఆయన కట్టింది గోడ. నా ఒళ్ళె ఉన్నది పొల్ల. దింపియ్యిరి. గా నీళ్ళ ట్యాంకు మాత్రం పగలగొట్టకుండ్రి, మంచిగున్నది."

నవీన్ బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి, ఆదివారం రావడం లేదని ఫ్లాటువాళ్ళకు చెప్పాడు. లోపలికొచ్చి, "పనోళ్ళు సుత్తెలు ఎప్పుడు తెస్తరు?" అని మాత్రం అడిగాడు. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదని నాకు తెలుసు. సోమవారం నుంచి పని. అద్దెకున్న విద్యార్థులు ఖాళీ చేశారు. స్లాబు తీసి పోసేదాకా మేం అంబర్‌పేట్‌లో ఉంటాం, ఇక్కడికి తిరిగి రావడానికే.

భయం పోలేదు. దూలం పోశాక కూడా కొన్నాళ్ళు పిల్ల కంటే ముందు పైకప్పునే చూస్తానేమో. కానీ ఎక్కడికి వెళ్ళినా నా వేలి కణుపులు వాటంతటవే గోడ మీదికి పోతాయి. మిన్నును చేర్పించిన రోజు క్రెష్ గోడలు నాలుగూ తట్టాను. పిల్లల డాక్టరు దగ్గర క్యూలో నిల్చుని తట్టాను. పక్కవాళ్ళు వింతగా చూస్తారు. చేర్పించిన రోజే క్రెష్ ఆయమ్మ అడిగేసింది కూడా, "ఏందమ్మా, గోడలల్ల ఏం దేవులాడుతున్నవ్?" అని.

"నేను కరుణ మేడం దగ్గర పనిచేసిన" అన్నాను.

ఆవిడెవరో ఆయమ్మకు తెలియదు. నేను మిగిలిన గోడ కూడా తట్టాకే పిల్లను ఆమె చేతికిచ్చాను.