ఆంటీ పడ్డ సంగతి

కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా పక్కింటి డాక్టర్ ఆంటీ మూడు నెలల కిందట పోయారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నిమోనియా పట్టుకుంది. మూడు వారాలు కూడా తట్టుకోలేకపోయారు.

ఆవిడ పిల్లల డాక్టరుగా రిటైరయ్యారు. మా పాపకి జ్వరమొచ్చి నేను పరిగెత్తుకెళ్తే ముందు నన్ను కూర్చోబెట్టేవారు. "నువ్వు నీళ్లు తాగు. కంగారుపడే తల్లికి థర్మామీటర్ కూడా తప్పే చూపిస్తుంది" అనేవారు.

రెండేళ్ల కిందట స్ట్రోక్ వచ్చి ఆవిడకి ఎడమవైపు బలం తగ్గింది. ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు ఇద్దరం కలిసి ఇల్లంతా సర్దాం. కాళ్లకి తట్టుకునే తివాచీలు తీసేశాం, బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి కడ్డీలు బిగించాం. మంచం మీంచి లేచే ముందు కాసేపు అంచున కూర్చోవడం ఆవిడ శ్రద్ధగా అలవాటు చేసుకున్నారు. పట్టుకుని నడవమని ఇచ్చిన వాకర్ మాత్రం ఎవరైనా వస్తున్నారంటే గరాజ్‌లోకి పోయేది.

ఒక మధ్యాహ్నం పప్పు ఇచ్చివద్దామని వెళ్తే వంటింట్లో నేలమీద కూర్చుని ఉన్నారు.

"దెబ్బేం తగల్లేదు. పై షెల్ఫ్‌లో డబ్బా కోసం చెయ్యెత్తాను, కాలు ఆగలేదు" అన్నారు. కుర్చీ ఆసరాతో ఎలాగో లేపాను. నా చెయ్యి వదల్లేదు. "మా అమ్మాయికి చెప్పకు. తెలిస్తే ఈ ఇంట్లో ఒక్కదాన్ని ఉండనివ్వదు."

అన్నేళ్లలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరేనన్నాను.

తర్వాత వారం థెరపీకి నేనే డ్రైవ్ చేశాను. "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అని థెరపిస్ట్ అడిగింది. లేదన్నారు ఆంటీ. పక్కనే ఉన్న నేను బ్యాగ్‌లో తాళాలు వెతుక్కున్నాను.

అయిదు నెలలకి హాల్లో పడ్డారు. ఆ రోజు ఎవరో చూడటానికి వస్తామన్నారట. వాకర్ గరాజ్‌లో ఉంది.

దహనం అయిన మర్నాడు వాళ్లమ్మాయి దగ్గర కూర్చుని వంటింటి సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"క్రిస్మస్‌కి నేను వచ్చినప్పుడు అమ్మ బాత్రూమ్ దగ్గర పడింది అక్కా. నీకు చెప్పొద్దని ప్రామిస్ తీసుకుంది. నువ్వు టెన్షన్ పడతావని."

ఆవిడ పరువు కాపాడుతున్నామనే ఇద్దరం అనుకున్నాం. ఆ రెండు సంగతులూ థెరపిస్ట్‌కి తెలిసి ఉంటే ఆంటీ బతికేవారని అనలేను. తెలియనివ్వనిది మాత్రం మేమే. ఇప్పుడు ఎవరింట్లో పెద్దవాళ్లు పడ్డారని విన్నా, "డాక్టర్‌కి చెప్పారా?" అని మొహం మీదే అడిగేస్తున్నాను. అడిగినప్పుడల్లా నా గొంతు నాకే గట్టిగా వినిపిస్తోంది.

ఆవిడని తలచుకుంటే ఒక ఉదయం గుర్తొస్తుంది. ఉత్తరాల పెట్టె దాకా నడుస్తూ మధ్యలో ఆగిపోయారు. ఎడమ కాలు వెనకబడింది. తల వంచి దానికేసి చూసి, సూదికి భయపడే పిల్లాడితో మాట్లాడినట్టు, "రా నాన్నా, తొందరేం లేదు" అన్నారు. కాసేపటికి ఆ కాలు మెల్లగా కదిలింది.