వాసాల్లేని ఇళ్లు

మెసైమీర్‌లోని మా సైట్ ఆఫీసులో ఏసీ రిమోట్ మేనేజర్ సొరుగులో ఉంటుంది. ఎడారి దేశానికి ఉద్యోగానికొచ్చి స్వెటర్ కొనుక్కున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

మేనేజర్‌ది స్కాట్లాండ్. అందులోనూ ఒక దీవి. ఆ దీవిలోనూ నడిమధ్యన కాదు, సముద్రంలోకి పొడుచుకెళ్లిన చిట్టచివరి కొస. దాని ఫొటోలు గోడంతా అంటించుకున్నాడు. చెట్టన్నది లేదు. గడ్డి, నల్లరాళ్లు, గొర్రెలు, పైకప్పుల్లేని రాతి ఇళ్లు. తిన్నింటి వాసాలు లెక్కపెడదామన్నా అక్కడ కుదరదు.

ఆ ఉదయం మా మేస్త్రీ లీవు అడగడానికి వచ్చాడు. సిరిసిల్ల వైపు మనిషి. వాళ్ల ఊరు రిజర్వాయర్‌లో మునగబోతోంది. ఈ వానలకు, నెలాఖరులోపే నీళ్లు నింపుతారని భార్య ఫోన్ చేసింది. ఇంటికి టేకు దూలాలున్నాయి, పెద్ద దర్వాజా ఉంది. విప్పి తెచ్చుకుంటే కొత్త కాలనీలో ఇల్లు లేస్తుంది. లేకపోతే చేపలపాలు.

"ఆమె ఒక్కతి ఏం జేస్తది సారూ? జర ఈ సారుకు సమజయ్యేటట్టు చెప్పుర్రి."

చెప్పాను. మేనేజర్ శ్రద్ధగా విని, లేచి, ఒక ఫొటో దగ్గరికి వెళ్లాడు. అవి తన ముత్తాతల ఇళ్లట. గొర్రెలు పెంచుకోవడానికి అక్కడి దొర ఊరిని ఖాళీ చేయించాడట. కలప దొరకని చోటు గనక జనం వాసాలు విప్పుకుని భుజాన మోసుకెళ్లారట. ఇప్పుడు ఆ గోడలు వారసత్వ సంపదట, చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారట.

నేను తెలుగులో చెప్పాను. మేస్త్రీ ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"అయ్యో పాపం. మా లెక్కనే అయింది ఆళ్లకు. ఇగ ఈ సారు కాదనడు."

నాకూ అలాగే అనిపించింది. లీవు ఫారం నింపడానికి పెన్ను మూత కూడా తీశాను.

మేనేజర్ కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. స్లాబు పడేదాకా ఎవరికీ లీవు లేదన్నాడు, నెలాఖరున చూద్దామన్నాడు. మర్యాదగానే అన్నాడు.

మూడు ముక్కల మాట. తెలుగులోకి తేవడానికి నాకు కొంచెం ఎక్కువ సమయమే పట్టింది.

"నెలాఖరున చూద్దామంటున్నారన్నా."

మేస్త్రీ ఫొటో మీంచి చూపు తిప్పలేదు.

"ఆళ్ల తాతలకు ఆ దొరైనా వాసాలిప్పుకునే టైమిచ్చిండు సారూ."