కర అంటని చొక్కా

రావులపాలెం అరటి మార్కెట్ పక్క టీకొట్టులో శశిభూషణ్ గారు బల్ల మీద రుమాలు పరిచిగానీ కూర్చోరు. ఇంగ్లీషు లెక్చరర్. గంజి పెట్టిన తెల్లచొక్కా, గ్లాసు పట్టుకోవడం కూడా రెండు వేళ్లతోనే. ఎవరి నోట ఇంగ్లీషు మాట దొర్లినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఆయనకి టీ దిగదు. ఆ ఉదయం గెలలు దించుతున్న బంగార్రాజు తోటి రైతుని "డ్యూడ్" అన్నాడు. ఆయన వెంటనే అందుకున్నారు. "పూర్వం అమెరికాలో అది వెక్కిరింతయ్యా. ఇస్త్రీ మడత నలక్కుండా పల్లెకొచ్చి, పనిలో చెయ్యి పెట్టని పట్నం షోకిల్లారాయుణ్ణి అలా అనేవారు. స్నేహితుడనే అర్థం తర్వాతెప్పుడో వచ్చింది."

"అలాగాండీ!" అంటూండగానే బంగార్రాజు కాలు జారింది, భుజం మీది గెల ఒరిగింది. "మాస్టారూ, కాస్త పట్టండి!" శశిభూషణ్ గారు లేచి చేతులు చాపారు. కోసిన కాడ నుంచి కారుతున్న కర చూసి, చప్పున వెనక్కి తీసేసుకున్నారు. గెల నేలపాలైంది. ఎవరూ నవ్వలేదు. "పర్లేదండి, కర అంటితే మీ చొక్కా పాడైపోద్దండి," అన్నాడు బంగార్రాజు. కింద పడ్డ రుమాలుని వేలికొసలతో తీసి, దులిపి, మళ్లీ బల్ల మీద పరిచాడు. "కూర్చోండి మాస్టారూ."

ఆయన తలెత్తలేకపోయారు. పాత అర్థంలోనైనా సరే, వీళ్లు తనని ఆ మాట అనేస్తే బాగుండుననిపించింది.